మబ్బుల్లేని ఘాట్‌రోడ్డు

ఇండక్షన్ పొయ్యి అడుగు మూత విప్పగానే లోపల ఎండిపోయిన బొద్దింక ఒకటి కనబడింది. జోసఫ్ రాజు దాన్ని బ్రష్షు కొసతో కాగితం మీదికి తోసి, చెత్తబుట్టలో పడేసి, బోర్డు మీదికి వంగాడు. అది ఎక్కడ అడ్డంపడి షార్టయిందో అక్కడ నల్లటి మచ్చ ఉంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాడు. మచ్చతోపాటు దాని కిందున్న సన్నటి రాగిగీత కూడా ఊడి వచ్చింది. "సర్లే" అనుకుని, పాత వైరులోంచి ఒక్క పోగు లాగి, తెగిన చోట ఆ చివరికీ ఈ చివరికీ కలిపి సోల్డర్ చేశాడు. పొగ లేచి ఆయన కళ్ళద్దాల దాకా వచ్చి చెదిరిపోయింది. మూత బిగించి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కితే పొయ్యి ఒక కూత కూసి ఎర్రటి అంకెలు వెలిగించింది.

"స్తోత్రం," అన్నాడు.

చేతిలోని వస్తువు బాగుపడినప్పుడల్లా ఆయన అనే మాట అది. ప్రార్థనలా కళ్ళు మూసుకుని కాదు, పక్కవాళ్ళకి వినీవినపడనట్టుగా అంటాడు. ముందు కౌంటర్లో కూర్చున్న ఈశ్వరి ఆ మాట విని వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అయిపోనాదా రాజు గారూ? పెదబొడ్డేపల్లి వోళ్ళకి ఫోన్ సెయ్యనా?"

"సేసీయమ్మా. ఇంట్లో బొద్దింకల మందు కొట్టుకోమని కూడా సెప్పు."

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా, పళ్ళబళ్ళ వెనక సందులో ఉంది ఆ కొట్టు. ఈశ్వరి భర్త సింహాద్రి టీవీలు, టేపురికార్డర్లు బాగుచెయ్యడానికి పెట్టాడు. ఆయన పోయాక ఈశ్వరి కౌంటర్లో కూర్చుని సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మడం మొదలుపెట్టింది. వెనకబల్లని మాత్రం కదపలేదు, దాని ముందు కూర్చునే జోసఫ్ రాజుని కూడా. టీవీలు పోయాయి. డీవీడీలు వచ్చి అవీ పోయాయి. ఇప్పుడు పొయ్యిలు, ఎల్‌ఈడీ బల్బులు, చేలో మందుకొట్టే బ్యాటరీ పంపులు వస్తున్నాయి. కొండ మీదినుంచి దిగినవాళ్ళు పొద్దున్న ఇచ్చి, బజారు పని చూసుకుని, తిరుగు బస్సుకి తీసుకుపోతారు.

జోసఫ్ రాజు పొట్టి మనిషి. అరవై దాటాయి. ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగడం వల్ల నిలబడినా కాస్త వంగినట్టే ఉంటాడు. తలకి తగిలించుకునే భూతద్దం వల్ల నుదుటి మీద అడ్డంగా ఒక గాడి పడిపోయింది, ఆదివారం చర్చిలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నా అది కనబడుతూనే ఉంటుంది. రెండేళ్ళ కిందట గుండెకి స్టెంటు వేశారు. మెట్లు ఎక్కొద్దన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. బల్ల దగ్గర కూర్చోవద్దని మాత్రం అనలేదు. అదే పదివేలు అన్నాడు ఆయన భార్య బేబితో, ఆస్పత్రి నుంచి వస్తూ ఆటోలో.

ఎండ సందులోకి దిగే వేళకి కౌంటర్ ముందు ఒకావిడ వచ్చి నిలబడింది. నేతచీర, భుజాన నల్లసంచి, సగానికి పైగా తెల్లబడ్డ జుట్టు.

"జోసఫ్ రాజు గారు ఇక్కడేనా అమ్మా? కాంప్లెక్సులో టీవీలు బాగుచేసే రాజు గారంటే ఇటు చూపించారు."

ఆయన తలెత్తి చూశాడు. ఎవరో రిటైరైన టీచరమ్మ అయ్యుంటుంది అనుకున్నాడు.

"రండమ్మా. ఏటి తెచ్చేరు?"

ఆవిడ సంచి తెరవలేదు. కౌంటర్ పక్కనుంచి లోపలికి వచ్చి, బల్లకి ఇవతల నిలబడి, గొంతు మార్చి అంది.

"తొమ్మిదో మలుపు కాడ బస్సు గోడలోకి దూరిపోతందండీ. హారన్ ఎంత కొట్టినా కోతులు పారిపోవట్లేదండీ."

జోసఫ్ రాజు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఆ మాటలు తనవి. ఆ యాస కూడా తనదే. ముప్ఫై ఆరేడేళ్ళ కిందట, విశాఖపట్నంలో, ఒక రేకుల షెడ్డులో, రోజూ సాయంత్రం ఒక అమ్మాయి ముందు నిలబడి తాను ఒప్పజెప్పిన మాటలు.

"దుర్గ గారా?" అన్నాడు. లేవబోయి, స్టూలు కాలికి తగిలి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. "వెంకటదుర్గ గారు! ఓలమ్మా! ఈశ్వరమ్మా, కుర్సీ తే, బేగి!"

* * *

అప్పుడు ఆయన ఐటీఐ చదివి, పనికోసం విశాఖ వెళ్ళిన కుర్రవాడు. ఇండస్ట్రియల్ ఎస్టేటులో టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేములు బిగించే చిన్న కంపెనీలో చేరాడు. బయటినుంచి వచ్చిన విడిభాగాలు బిగించి, అట్టపెట్టెల్లో పెట్టి పంపేవారు. కొన్నాళ్ళకి ఓనరుకి ఒక ఆశ పుట్టింది. పెట్టెలో వేసే ఆటలన్నీ పరదేశాలవే, మనది ఒక్కటైనా ఉండాలి కదా అని. అప్పుడే ఇంజనీరింగ్ పూర్తిచేసిన వెంకటదుర్గని తీసుకున్నాడు. అనకాపల్లి అమ్మాయి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు.

ఏం ఆట చెయ్యాలో ఎవరికీ తోచలేదు. టీలు తాగుతున్నప్పుడు జోసఫ్ రాజు తన ఊరి సంగతి చెప్పాడు. నర్సీపట్నం దాటితే ఘాట్ మొదలవుతుందనీ, లంబసింగి దాకా మలుపు మీద మలుపనీ, ఒకపక్క లోయ, ఒకపక్క కొండ, రోడ్డు మీద కోతులు, పైకి వెళ్ళేకొద్దీ మబ్బు రోడ్డు మీదికే దిగిపోతుందనీ, బస్సు టాపు మీద కూడా జనం కూర్చుంటారనీ. వెంకటదుర్గ గ్లాసు పక్కన పెట్టి, "మళ్ళీ మొదట్నుంచి చెప్పండి," అంది. ఆట అలా పుట్టింది. బస్సు నడపాలి. జనాన్ని పడెయ్యకుండా లంబసింగి చేర్చాలి.

జోసఫ్ రాజుని టెస్టింగుకి వేశారు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఆట ఆడాలి. గెలవడానికి కాదు, ఎక్కడ పాడవుతుందో పట్టుకోవడానికి. ప్రతి గోడనీ గుద్దాలి. ప్రతి లోయలోనూ పడాలి. ఎవరూ నొక్కని మీటలన్నీ ఒకేసారి నొక్కి చూడాలి. ఇంటికి వచ్చినప్పుడు ఏం ఉద్యోగంరా అని తండ్రి అడిగితే, విడమర్చి చెప్పడం చేతకాక, "బస్సు నడుపుతాను నాన్నా," అన్నాడు. ఆయన మిషన్ కాంపౌండులో తోటపని చేసే మనిషి. వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి, మా అబ్బాయి విశాఖలో బస్సు డ్రైవరయ్యాడు, దేవునికి స్తోత్రం, వాడు ఎవరినీ గుద్దకుండా ప్రార్థన చెయ్యండి అని సాక్ష్యం చెప్పాడు. ఊరంతా చేసింది. జోసఫ్ రాజు సోమవారం విశాఖ తిరిగొచ్చి, పొద్దున్నుంచి సాయంత్రందాకా గోడల్ని గుద్దాడు.

ఈ సంగతి వెంకటదుర్గకి చెప్పిన రోజున ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది. ఎంత నవ్విందంటే, టీ కాచే జోగులమ్మ గిన్నె వదిలేసి వచ్చి చూసింది, ఆ పిల్లకేమైందోనని.

తర్వాత కంపెనీ ఎక్కువకాలం లేదు. ఒక్క క్యాసెట్లో వంద ఆటలంటూ చౌకరకం సరుకు బజారు నిండా దిగింది. ఓనరు మంచివాడే గానీ మంచితనంతో షెడ్డు నడవదు కదా. ఒక రోజు పొద్దున్న వెళ్ళేసరికి గేటుకి తాళం. లంబసింగి బస్సు బయటి ప్రపంచంలోకి రాకుండానే ఆగిపోయింది. జోసఫ్ రాజు పరుపుచుట్టతో నర్సీపట్నం బస్సెక్కాడు. ఆ తర్వాత బేబితో పెళ్ళి, సింహాద్రి కొట్టులో పని, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు. వీడియోగేముల మాట మళ్ళీ ఆయన ఎవరితోనూ ఎత్తలేదు. ఎవరూ అడగనూ లేదు.

* * *

వెంకటదుర్గ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. అందులో పరిచిన దూది మీద ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. బోర్డు మీద రెండు చిప్పులు. ఒక్కోదాని నడుమ చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాని మీద కాగితం అతికించి ఉంది, వెలుగు పడి లోపల రాసింది చెరిగిపోకుండా.

"ఇదే ఆఖరిది రాజు గారూ. మూసేసే ముందురోజు సాయంత్రం రాసి పెట్టాను. ఓనరు గారే ఇంటికి పట్టుకెళ్ళమన్నారు. ఇంకెక్కడా లేదు."

"ఇన్నాళ్ళూ దాచేరా?"

"బీరువాలో పట్టుచీరల కింద." నవ్వింది. ఆమె ఇన్నేళ్ళూ అనకాపల్లిలోనే కాలేజీలో లెక్కలు చెప్పింది. మొన్న వేసవిలో రిటైరైంది. హైదరాబాదులో కొందరు పిల్లలు ఇలాంటి ఆటల కోసం వెతుకుతున్నారట. తయారై కూడా బయటికి రాకుండా పోయినవాటిని పోగుచేసి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడతారట. ఎలాగో ఈమె పేరు పట్టుకుని అడిగారు. ఇద్దామని తీసి పాత మిషన్‌కి తగిలిస్తే తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ రాలేదు.

"చిప్పులో ఉన్నది ఏళ్ళు గడిచేకొద్దీ దానంతటదే చెరిగిపోతుందండీ. ఇంకా ఉందో లేదో తెలీదు. కొరియర్లో పంపడానికి మనసొప్పలేదు. ఎవరికి చూపించాలా అంటే మీరే గుర్తొచ్చారు." డబ్బా ఆయన వైపు జరిపింది. "దాన్ని నాకంటే ఎక్కువసార్లు చూసింది మీరే కదా."

జోసఫ్ రాజు చేతులు తుడుచుకున్నాడు. బోర్డుని అంచులు పట్టుకుని ఎత్తి భూతద్దం కిందికి తెచ్చాడు. ఎవరిదో చంటిబిడ్డని చేతికిస్తే పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

అటక మీద ఎవరో బాగుకి ఇచ్చి తీసుకెళ్ళకుండా వదిలేసిన టీవీగేము ఒకటుండాలి. ఆయన నిచ్చెన వైపు చూడగానే ఈశ్వరి, "మీరు కూసోండి," అని కొంగు దోపుకుని తానే ఎక్కింది. దుమ్ముతో సహా దింపింది. మూలనున్న పాత చిన్న టీవీ ముందుకి లాగారు. బోర్డు గుచ్చి స్విచ్చి వేస్తే బూడిదరంగు. బోర్డు పళ్ళని రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. ఈసారి తెర నిండా పగిలిన గాజుపెంకుల్లా రంగుల ముక్కలు వచ్చి నిలబడ్డాయి.

"బతికే ఉన్నాదండీ," అన్నాడు. "ప్రోగ్రాం చిప్పు పనిసేస్తంది. బొమ్మల చిప్పే సరిగా అందట్లేదు."

దాన్ని సాకెట్లోంచి లేపుతుంటే, దాని లోహపు కాళ్ళలో ఒకటి తుప్పుపట్టి సాకెట్లోనే ఉండిపోయింది. చిప్పు మాత్రం చేతికి వచ్చింది. వెంకటదుర్గ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నావల్లే..."

"మీవల్ల కాదు, నావల్ల కాదు. తుప్పు వల్లండీ." ఆయన గొంతు మామూలుగానే ఉంది గానీ నుదుటి మీది గాడిలో చెమట నిలిచింది. కాలు విరిగిన చోట చిప్పు ఒంటిని సూదిలాంటి ఆకురాయితో రుద్దుతూ వచ్చాడు. నల్లటి పొర కింద, ఆవగింజలో సగమంత లోహం మెరిసింది. ఇంకా రుద్దితే లోపలికి తెగిపోతుంది. ఆపేశాడు. వైరులోంచి ఒక పోగు తీసి దానికి ఆనించాడు. చెయ్యి వణికింది. స్టెంటు వేసినప్పటినుంచీ ఆ వణుకు వస్తూ పోతూ ఉంటుంది.

"ఈశ్వరమ్మా, ఫ్యానాపు."

ఫ్యాన్ ఆగింది. కొట్టులో గాలి స్తంభించింది. కౌంటర్ దగ్గరికి ఎవరో వచ్చి ఏదో అడగబోతే ఈశ్వరి వేలితో ఆగమని సైగ చేసింది. వాళ్ళకి ఏమీ తెలియకపోయినా వాళ్ళూ ఆగిపోయి లోపలికి చూశారు. జోసఫ్ రాజు కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, సోల్డరింగ్ ఐరన్ తాకించి తీసేశాడు. ఊదలేదు. చల్లారేదాకా అలాగే చూశాడు. పోగు అంటుకుంది.

వెంకటదుర్గ తాను తెచ్చిన, చిప్పులోది చదివే చిన్న రీడరులో దాన్ని పెట్టి లాప్‌టాప్‌కి కలిపింది. ఒకసారి చదివింది. నమ్మకం చాలక రెండోసారి చదివింది. రెండూ పోల్చి చూసింది. తేడా లేదు. రెండో చిప్పు కూడా అంతే.

"వచ్చేసింది," అంది. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "మొత్తం వచ్చేసింది రాజు గారూ. ఇక పోయేది లేదు."

"స్తోత్రం," అన్నాడు జోసఫ్ రాజు. ఈసారి కళ్ళు మూసుకునే అన్నాడు.

ఆట మొత్తం లాప్‌టాప్‌లో ఎంత చోటు తీసుకుందో చూపిస్తే ఈశ్వరి నమ్మలేదు. తన ఫోన్‌కి పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒక్కటే దీనికంటే పెద్దదని వెంకటదుర్గ చెప్పింది. "మరి అందులో అంత ఘాటీ, బస్సు, జనం ఎలా కుక్కేరమ్మా?" అంది ఈశ్వరి.

"కుక్కడమే ఉద్యోగం," అంది వెంకటదుర్గ.

బేబి కట్టిచ్చిన క్యారేజీ ముగ్గురూ పంచుకున్నారు. వంకాయలో ఎండుచేపలు వేసిన కూర. వెంకటదుర్గ తినదేమోనని ఈశ్వరి పెరుగు ప్యాకెట్టు తెచ్చింది గానీ ఆమె కూరే రెండోసారి వేయించుకుంది. షెడ్డులో జోగులమ్మ ఇలాగే వండేదని అంది. జోసఫ్ రాజు ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఎప్పటిలాగే తలవంచుకున్నాడు. ఆరోజు కాస్త ఎక్కువసేపే వంచుకున్నాడు.

* * *

చిప్పులు మళ్ళీ బోర్డులో కూర్చోబెట్టి స్విచ్చి వేసేసరికి తెర మీద కొండ నిలబడింది. కొండ కింద ఎర్రబస్సు. టాపు మీద జనం. జోసఫ్ రాజు జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకుని, బస్సుని కదిలించి, సరాసరి తీసుకెళ్ళి మొదటి మలుపులో గోడకి గుద్దాడు.

"ఇంకా గుద్దుతున్నారేంటండీ!"

"అలవాటండీ." ఆయన కుర్రవాడిలా నవ్వాడు. "సూడాలి కదా."

తొమ్మిదో మలుపు దగ్గర గోడలోకి దూర్చబోయాడు. దూరలేదు. హారన్ కొడితే కోతులు కొమ్మల్లోకి ఎగిరాయి. "సరిసేసేరు," అన్నాడు గౌరవంగా. టాపు మీద జనం మినుకుమినుకుమంటున్నారు. ఆ మిషన్ ఒక అడ్డవరసలో ఎనిమిది కదిలే బొమ్మల్ని మించి చూపలేదు. తొమ్మిదో మనిషి ఎక్కితే మాయమైపోయేవాడు. ఆ మాయమైన మనిషి ముసలమ్మ. ఆమెని దింపెయ్యమని ఓనరు అంటే జోసఫ్ రాజు ఒప్పుకోలేదు, ముసలమ్మలు లేని లంబసింగి బస్సు తానెక్కడా చూళ్ళేదన్నాడు. అప్పుడు వెంకటదుర్గ కిటుకు కనిపెట్టింది. ఎప్పుడూ ఒకరినే మాయం చెయ్యకుండా, రెప్పపాటుకొకరు వంతులేసుకుని మాయమవుతారు. కళ్ళకి మాత్రం అందరూ ఉన్నట్టే ఉంటారు, కాస్త మినుకుతూ.

"మా ముసిల్ది ఉందండోయ్," అన్నాడు తెర మీద వేలుపెట్టి.

బస్సు పైకి ఎక్కుతోంది. చెట్లు పలచబడ్డాయి. పైన ఆకాశం ఖాళీగా, నీలంగా ఉంది. జోసఫ్ రాజు ముఖం చిట్లించాడు.

"ఇదొక్కటే నాకు నచ్చలేదు దుర్గ గారూ. అప్పుడూ సెప్పేను. ముందు మబ్బులుండేవి, ఆఖర్న తీసీసేరు. లంబసింగి ఎక్కి మబ్బు లేకపోతే ఏటండీ? మా ఊరోడు సూస్తే నవ్వడా?"

"జాగా లేక తీశానన్నాను కదా."

"మబ్బుకెంత జాగా గావాలండీ?"

"నడపండి," అంది వెంకటదుర్గ. ఆమె ఇప్పుడు తెర వైపు కాక ఆయన ముఖం వైపు చూస్తోంది.

ఆఖరి మలుపు తిరిగింది. ఇంతకుముందు ఆయన చూసినప్పుడల్లా ఆట అక్కడే ఆగిపోయేది, ఆపైన రాయలేదింకా అనేది ఆమె. ఈసారి ఆగలేదు. చిన్న రేకుల బస్టాపు వచ్చింది. బస్సు దానంతటదే నిలబడింది. జనం దిగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే. ముందు తలపాగా మనిషి దిగి, చేతులు జోడించి నిలబడ్డాడు. ఆయన తల మీద ఖాళీ ఆకాశంలో తెల్లటి అక్షరాలు వచ్చాయి: బాలన్న. షెడ్డు వాచ్‌మన్. ఆయన వెళ్ళిపోయాక ముసలమ్మ దిగింది: జోగులమ్మ. అలా ఒకరి తర్వాత ఒకరు, అట్టపెట్టెలు మడిచినవాళ్ళు, వైర్లు కత్తిరించినవాళ్ళు. అందరూ దిగిపోయారు. అప్పుడు డ్రైవరు తలుపు తెరుచుకుంది. ఖాకీచొక్కా వేసుకున్న పొట్టి మనిషి దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

జోసఫ్ రాజు.

జోసఫ్ రాజు కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు. పేరు అలాగే ఉంది. గుండ్రటి, ఒద్దికైన అక్షరాలు.

"బొమ్మలన్నిటికీ కలిపి రెండొందల యాభై ఆరు చిన్న చదరపు బిళ్ళలే ఉంటాయి కదా రాజు గారూ," అంది వెంకటదుర్గ మెల్లగా. "ఒక్కో తెలుగక్షరానికి నాలుగు బిళ్ళలు కావాలి. ఎన్నిసార్లు లెక్కేసినా చాల్లేదు. కొండ తీస్తే ఆట లేదు, కోతుల్ని తీస్తే మీరూరుకోరు. మబ్బులు తీశాను. మీకూ జోగులమ్మకీ 'జో' ఒకటే గీస్తే సరిపోయింది. పొద్దున్నే వచ్చి మీకు చూపిద్దామనుకున్నాను. వచ్చేసరికి గేటుకి తాళం."

ఆయన చాలాసేపు ఆ ఖాళీ ఆకాశం వైపే చూశాడు. తర్వాత ఏదో తట్టినట్టు తల తిప్పాడు.

"మీ పేరేదండీ?"

"నాదా?" ఆమె చీర అంచు సర్దుకుంది. "జాగా సరిపోలేదు."

"మొత్తం సేసింది మీరు. మీ పేరు లేకపోడం ఏటి? ఇప్పుడు రాసీయండి. లాప్‌టాప్‌లో జాగాకేటి తక్కువ?"

"ఇప్పుడు రాస్తే అది ఆ ఆట కాదండీ, ఇంకోటవుతుంది. అది అలాగే ఉండాలి." ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. "నేను కొత్తగా చేరినప్పుడు ఆ షెడ్డులో నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఏం తెలుసు ఈ పిల్లకి అనుకునేవారు. మీరొక్కరే రోజూ సాయంత్రం వచ్చి, నా ఆట ఎక్కడ పాడైందో ఒక్కొక్కటే చెప్పేవారు. ఒక్కసారి కూడా నవ్వుతూ చెప్పలేదు. ఎంత శ్రద్ధగా చెప్పేవారో. తర్వాత ఎన్ని వేలమంది పిల్లలకి లెక్కలు దిద్దానో, అలాగే దిద్దాను. ఆ మాట చెబుదామనే వచ్చాను. బోర్డు ఒక వంక."

జోసఫ్ రాజు జాయ్‌స్టిక్ బల్ల మీద పెట్టాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మా నాన్న సూసుంటే బాగుణ్ణండీ," అన్నాడు. "నిజింగా డ్రైవర్నే కదా."

* * *

బోర్డు డబ్బాలో పెట్టబోతుంటే వెంకటదుర్గ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. హైదరాబాదు పిల్లలకి కావలసింది లాప్‌టాప్‌లో ఉందని, ఇది ఆయన దగ్గరుంటేనే తనకి బాగుంటుందని చెప్పింది. ఆయన వద్దనలేదు. కిటికీల మీది కాగితాలు ఎండి లేచిపోతుంటే పీకేసి, వెలుగు పడకముందే నల్లటి టేపు కత్తిరించి, రెండు చిప్పుల మీదా అతికించి, అంచులన్నీ గట్టిగా నొక్కాడు.

కాంప్లెక్సు దాకా నడిచి వెళ్ళి ఆమెని అనకాపల్లి బస్సెక్కించాడు. పళ్ళబండి దగ్గర సీతాఫలాలు కొని కిటికీలోంచి అందించాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె తల బయటపెట్టి, "ఇంకేవైనా తప్పులు కనబడ్డాయా?" అని అరిచింది.

"ఏవీ నేవండీ! బాగుంది! సానా బాగుంది!" అని ఆయన కూడా అరిచాడు. పక్కన నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు.

మెల్లగా నడిచి కొట్టుకి వచ్చాడు. బల్ల మీద రావికమతం వాళ్ళ మందుపంపు ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుని స్టూలు మీద కూర్చున్నాడు. ఛాతీలో ఏదో బరువుగా అనిపించింది, చాలా దూరం నవ్వుతూ నడిచినప్పుడు అనిపించేటట్టు. ఈశ్వరి టీ చెప్పనా అని అడిగింది.

"సెప్పమ్మా," అన్నాడు. పంపు మూత విప్పుతూ, "ఆఖరి వెర్షను టెస్టింగు మిగిలిపోయుండేదమ్మా. ఈవేళ అయిపోనాది," అన్నాడు.

ఈశ్వరి సందు చివరికి వెళ్ళి టీ తెచ్చేసరికి ఆయన బల్ల మీద చేతులు మడిచి, వాటి మీద తల పెట్టుకుని ఉన్నాడు. మధ్యాహ్నం పూట ఒక్కోసారి అలాగే కునుకు తీస్తాడు. గ్లాసు పక్కన పెట్టి, "రాజు గారూ," అంది. మళ్ళీ పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు మిషన్ కాంపౌండు వెనక సమాధుల తోటకి వెంకటదుర్గ మళ్ళీ అదే బస్సులో వచ్చింది. పాటలు అయ్యాక బేబి ఆమె పక్కన కూర్చుంది. "ఆయన ఆఖరి రోజు బాగా నవ్వేరంట కదమ్మా, ఈశ్వరి సెప్పింది," అని అడిగింది. వెంకటదుర్గ ఆయన నవ్విందీ, గోడని గుద్దిందీ, తండ్రిని తలుచుకుందీ అన్నీ చెప్పింది. బేబి ఒక్కొక్క మాటా మళ్ళీ చెప్పించుకుంటూ వింది. "దేవుడు మంచోడు," అంది చివరికి. "ఆరోజే నిన్ను పంపేడు."

తర్వాత కొన్నాళ్ళకి ఆట ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. ఎక్కడెక్కడి వాళ్ళో లంబసింగి బస్సు నడుపుతున్నారనీ, ఆఖర్న దిగే ఖాకీచొక్కా మనిషి ఎవరని అడుగుతున్నారనీ వెంకటదుర్గ ఫోన్ చేసి చెప్పింది. ఈశ్వరి ఆ మాట బేబికి చేరవేసింది.

బేబి ఒకరోజు కొట్టుకి వచ్చి ఆయన సామాన్లు తీసుకెళ్ళింది. క్యారేజీ, భూతద్దం, మాత్రల డబ్బా. బోర్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇక్కడే ఉండనీ అమ్మా, ఇంటికాడ దుమ్ము తుడిసీటప్పుడు పడేస్తాను," అని తిరిగిచ్చేసింది. ఈశ్వరి దాన్ని బల్ల పైనున్న అరలో, గోడకి ఆనించి పెట్టింది. ఆకుపచ్చ బోర్డు, దాని మీద రెండు నల్లటి టేపుముక్కలు, ఎక్కడా ఒక్క అంచు కూడా లేవకుండా గట్టిగా నొక్కి అతికించినవి.